తీసేసిన ప్రతిసారీ తిరిగొచ్చిన ఎక్స్‌టెన్షన్: ఒక డీటీపీ సెంటర్‌లో బ్రౌజర్ హైజాక్ కేసు

గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. బస్టాండుకు ఎదురుగా నాలుగు డెస్క్‌టాప్‌లు, రెండు ప్రింటర్లు, ఒక జెరాక్స్ మెషీన్‌తో నడిచే డీటీపీ, ఆన్‌లైన్ సెంటర్ ఒకటుంది. పెళ్లి కార్డుల మ్యాటర్ మొదలుకొని ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల దాకా ఆ చుట్టుపక్కల పదిహేను ఊళ్ల పనులు అక్కడే జరుగుతాయి. పోయిన ఏడాది కౌన్సెలింగ్ రద్దీ మొదలైన వారంలో ఆ సెంటర్ యజమాని నాకు ఫోన్ చేసి, “అన్నా, గూగుల్లో ఏం కొట్టినా మధ్యలో ఇంకేదో సైటు మెరిసిపోతంది. యాంటీవైరస్ స్కాన్ పెడితే ఏమీ లేదంటంది” అని చెప్పాడు. ఈ కేసును ఇక్కడ పూర్తిగా రాయడానికి కారణం దాని క్లిష్టత కాదు. మొదటి రోజు నేను చేసిన పొరపాటు సర్వీసు రంగంలో ఉన్న చాలామంది రోజూ చేసేదే. నేను కనబడుతున్నదాన్ని తీసేశాను గాని, దాన్ని తిరిగి పెడుతున్నది ఏమిటో వెతకలేదు.

లక్షణాలు చెప్పిన సంగతి

సమస్య ఉన్నది రెండో నంబరు సిస్టమ్‌లో. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. అడ్రస్ బార్‌లో ఏదైనా మాట టైపు చేసి ఎంటర్ నొక్కగానే అర సెకను పాటు ఒక తెలియని చిరునామా కనబడి, తర్వాత గూగుల్‌కు బదులు మరో పేరున్న సెర్చ్ ఇంజిన్ ఫలితాల పేజీ తెరుచుకునేది. చివరికి వచ్చేది అసలైన సెర్చ్ పేజీయే కాబట్టి వాడేవాళ్లు వారాల తరబడి దీన్ని పట్టించుకోరు. వ్యాపారమంతా ఆ మధ్యలో మెరిసిన చిరునామాది. సెర్చ్ కంపెనీలు తమకు వాడకందార్లను పంపే భాగస్వాములకు ప్రకటనల ఆదాయంలో వాటా ఇస్తాయి. హైజాకర్ మన ప్రతి వెతుకులాటనూ తన దారి గుండా తిప్పి ఆ వాటా రాబట్టుకుంటుంది. డబ్బు వచ్చేది ఇలా కాబట్టే దానికి మన కంప్యూటర్‌ను పాడుచేసే అవసరం ఉండదు, వీలైనన్ని ఎక్కువ రోజులు కదలకుండా కూర్చోవడమే దాని అవసరం.

రెండో లక్షణం తెర కుడివైపు కింది మూలలో పది నిమిషాలకోసారి పైకి లేచే హెచ్చరికలు. ఒక యాంటీవైరస్ బొమ్మ, “మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి” అనే వాక్యం. మూడోది యజమాని గమనించనిది, నాకు మాత్రం మొదట కంటబడినది: క్రోమ్ మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అనే చిన్న వరుస. అంటే ఈ బ్రౌజర్‌కు ఏదో సంస్థ నియమాలు పెట్టిందని అర్థం. దుకాణంలో కొని తెచ్చి, ఏ ఆఫీసు నెట్‌వర్క్‌లోనూ చేరని కంప్యూటర్‌కు నియమాలు పెట్టే సంస్థ ఎక్కడిది? కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలాంటి నియమాలు రాస్తాయి కనుక ఈ వరుస కనబడినంత మాత్రాన మాల్‌వేర్ అని తీర్పు చెప్పకూడదు. కానీ ఈ సిస్టమ్‌లో విండోస్‌తో వచ్చిన డిఫెండర్ తప్ప వేరే యాంటీవైరస్ లేదు.

ముందుగా సమస్య నెట్‌వర్క్‌లో ఉందా, కంప్యూటర్‌లో ఉందా అనేది తేల్చుకోవాలి. ఇది పాత అలవాటు. 2007 నుంచి 2011 వరకు ప్రపంచమంతటా సుమారు 40 లక్షల కంప్యూటర్లను పట్టిన డీఎన్ఎస్ ఛేంజర్ మాల్‌వేర్ బ్రౌజర్‌ను ముట్టుకోకుండా, సైటు పేరును బట్టి దాని సర్వర్ చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్ సెట్టింగులను మార్చి దారి మళ్లించేది. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ఆ ముఠా సర్వర్లను స్వాధీనం చేసుకున్న తర్వాత కూడా, ఇంటర్నెట్ తెగిపోకుండా ఆ యంత్రాల కోసం తాత్కాలిక సర్వర్లను 2012 జులై 9 దాకా నడపాల్సి వచ్చింది. అప్పటి నుంచి రౌటర్ సంగతి చూడకుండా నేను బ్రౌజర్ జోలికి వెళ్లను. ఇక్కడ అదే వైఫై మీద ఉన్న నా ఫోన్‌లోనూ, మిగతా మూడు సిస్టమ్‌లలోనూ సెర్చ్ సక్రమంగా ఉంది. రెండో నంబరు సిస్టమ్‌ను నా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపినా దారి మళ్లుతూనే ఉంది. పైగా అదే సిస్టమ్‌లో క్రోమ్‌తో పాటు ఎడ్జ్ కూడా మళ్లుతోంది, ఫైర్‌ఫాక్స్ మాత్రం శుభ్రంగా ఉంది. నెట్‌వర్క్‌లో దోషముంటే మూడు బ్రౌజర్లూ తప్పాలి. ఒక్క క్రోమ్ లోపలే దోషముంటే ఎడ్జ్ తప్పకూడదు. కాబట్టి దోషం విండోస్‌లో ఉంది, బ్రౌజర్లకు వెలుపల ఉంది. ఇంత స్పష్టంగా తెలిసి కూడా నేను తర్వాతి గంటన్నర బ్రౌజర్ లోపలే గడిపాను.

మొదటి రోజు

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్. ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిస్తే ఏ పనికో తెలియని పేరుతో ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది. దానికి తొలగించే బటన్ లేదు, అడ్మినిస్ట్రేటర్ ఇన్‌స్టాల్ చేశారన్న గమనిక ఉంది. క్రోమ్ సెట్టింగులను రీసెట్ చేశాను, అది కదలలేదు. క్రోమ్‌ను పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, ప్రొఫైల్ ఫోల్డర్‌ను కూడా తీసేసి, గూగుల్ సైటు నుంచి కొత్త సెటప్ తెచ్చి వేశాను. తెరిచిన కొన్ని సెకన్లలోనే అదే ఎక్స్‌టెన్షన్ మళ్లీ ప్రత్యక్షమైంది. ఈలోగా యజమాని ఒక తెలుగు వీడియో చూపించి, సెట్టింగులలో ‘కంప్యూటర్ శుభ్రం చేయి’ అనే ఆప్షన్ ఉంటుందట కదా అని అడిగాడు. ఆ ఆప్షన్ ఇప్పుడు లేదు. 2023 మార్చిలో వచ్చిన 111వ వెర్షన్‌తో గూగుల్ ఆ క్లీనప్ టూల్‌ను క్రోమ్ నుంచి తీసేసింది. వీడియోలు మాత్రం అలాగే తిరుగుతున్నాయి.

రీసెట్‌కు లొంగకపోవడానికి కారణం సూటిగా ఉంది. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొడితే ఆ బ్రౌజర్ మీద అమలులో ఉన్న నియమాలన్నీ ఒక పట్టికగా కనబడతాయి. నేను మొదటి నిమిషంలో చూడాల్సిన ఈ పేజీని గంటన్నర తర్వాత చూశాను. అందులో రెండు నియమాలున్నాయి. ఒకటి డిఫాల్ట్ సెర్చ్ ఇంజిన్‌ను మార్చేది, రెండోది ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్’. కార్పొరేట్ ఆఫీసులలో ఉద్యోగుల బ్రౌజర్లలో ఒక ఎక్స్‌టెన్షన్‌ను తప్పనిసరి చేయడానికి పెట్టిన సదుపాయం ఇది. దానికి ఎదురుగా 32 అక్షరాల గుర్తింపు కోడ్ ఉంది. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల కోడ్‌లో ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి 16 అక్షరాలే వస్తాయి, కాబట్టి చూడగానే గుర్తుపట్టవచ్చు. ఈ నియమం నివాసం క్రోమ్ ఫోల్డర్ కాదు, విండోస్ తన సెట్టింగులను ‘కీ’లనే అరల్లో దాచుకునే రిజిస్ట్రీ. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, దాని కింద పాలసీస్, దాని కింద గూగుల్, దాని కింద క్రోమ్. ఎడ్జ్‌కు కూడా మైక్రోసాఫ్ట్ పేరు కింద అచ్చం ఇలాంటి కీయే రాసి ఉంది. క్రోమ్‌ను ఎన్నిసార్లు పీకి వేసినా రిజిస్ట్రీలోని ఆ వరుస చెక్కు చెదరదు.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. ఆఫీసు డొమైన్‌లో చేరని విండోస్ కంప్యూటర్‌లో ఈ నియమం ద్వారా బలవంతంగా పెట్టగలిగేది క్రోమ్ వెబ్ స్టోర్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్లను మాత్రమే. అంటే ఈ దొంగ సరుకు ఉన్నది గూగుల్ సొంత దుకాణంలోనే. ఆ కోడ్‌తో వెతికితే స్టోర్ పేజీ మామూలుగానే తెరుచుకుంది. అక్కడి నుంచే ఫిర్యాదు పంపాను. స్టోర్‌లో దొరికింది కాబట్టి నమ్మవచ్చు అనే మాటను ఆ రోజు తర్వాత నేను ఎవరితోనూ అనలేదు.

రెండు కీలనూ ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచి, తర్వాత తొలగించి, సిస్టమ్ రీస్టార్ట్ చేసి చూశాను. మెనూ అడుగున ఆ వరుస పోయింది, సెర్చ్ గూగుల్‌కే వెళ్లింది. డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర అదనంగా ఏమీ తగిలించి లేదు, దారి మళ్లించగల ప్రాక్సీ సెట్టింగు ఖాళీగా ఉంది, సైట్ల చిరునామాలు రాసుకునే హోస్ట్స్ ఫైల్ శుభ్రంగా ఉంది. సంతృప్తిగా డబ్బులు తీసుకుని ఇంటికి వచ్చాను.

నిమిషం తేడా

మర్నాడు పొద్దున పదింటికి మళ్లీ ఫోన్ వచ్చింది. ఎక్స్‌టెన్షన్ తిరిగి వచ్చేసింది.

ఈసారి ఏదీ తొలగించకుండా చూడటంతో మొదలుపెట్టాను. రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఒక కీని ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫైల్ రకంగా టెక్స్ట్‌ను ఎంచుకుంటే, ఆ కీ చివరిసారి ఎప్పుడు మారిందో తేదీ, సమయంతో సహా ఆ ఫైల్‌లో పడుతుంది. మామూలు రిజిస్ట్రీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఈ సమాచారం రాదు, అందుకే చాలామందికి దీని సంగతి తెలియదు. నాకు దొరికిన సమయం ఉదయం 9:13. సెంటర్ తెరిచి సిస్టమ్ ఆన్ చేసింది 9:12కి. అంటే లాగిన్ అయిన నిమిషంలోపే ఎవరో ఆ కీని మళ్లీ రాస్తున్నారు. పెట్టిన వేళకు ప్రోగ్రాములను నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో చివరిసారి నడిచిన సమయం ప్రకారం వరసగా చూసుకుంటూ పోతే, ఏదో అప్‌డేట్‌లా వినిపించే పేరుతో ఒక టాస్క్ సరిగ్గా 9:13కి నడిచినట్టు ఉంది. లాగిన్ అయినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ప్రతి నాలుగు గంటలకూ ఒకసారి నడిచేలా దాన్ని పెట్టారు. మొదటి రోజు నేను రీస్టార్ట్ చేసినప్పుడు అది ఎందుకు బయటపడలేదని కొంతసేపు తికమక పడ్డాను. టాస్క్‌లో లాగిన్ తర్వాత కొన్ని క్షణాల ఆలస్యం పెట్టి ఉంది. నేను క్రోమ్‌ను దానికంటే ముందే తెరిచి, చూసి, మూసేసి తృప్తి పడ్డాను.

మైక్రోసాఫ్ట్ 2006లో కొన్న సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఆటోరన్స్ అనేది విండోస్‌తో పాటు తనంతట తాను మొదలయ్యే ప్రతి దాన్నీ ఒక్కచోట చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న వరుసలను దాచేయమని చెబితే వందల వరుసలు కాస్తా ముప్పై నలభైకి దిగుతాయి. అందులో ఈ టాస్క్‌తో పాటు, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లోని ఒక ఫైల్‌ను పిలిచే మరో వరుస కూడా కనబడింది. రెండింటికీ టిక్ తీసేశాను గాని డిలీట్ చేయలేదు. టిక్ తీస్తే ఆ వరుస ఆగిపోతుంది, ఆధారంగా మిగులుతుంది, పొరపాటున మంచిదాన్ని ఆపి ఉంటే తిరిగి పెట్టుకోవచ్చు.

టాస్క్ నడిపేది విండోస్‌లో ఆదేశాలు రాసి పని చేయించే పవర్‌షెల్‌ను, అదీ కిటికీ కనబడకుండా. దానికి ఇచ్చిన ఆదేశం బేస్64 పద్ధతిలో మార్చిన పొడవాటి అక్షరాల దండ. దాన్ని కాపీ చేసి, నా ల్యాప్‌టాప్‌లో నడపకుండా, కేవలం మామూలు అక్షరాలలోకి మార్చి చదివాను. అది చేసేవి మూడు పనులు. పాలసీ కీలు లేకపోతే రాస్తుంది. ఒక చిరునామా నుంచి కొత్త ఆదేశాలను తెచ్చుకుంటుంది. మూడోది చూశాకే యాంటీవైరస్ ‘ఏమీ లేదు’ అన్న మాట గుట్టు తెలిసింది: ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌ను డిఫెండర్ మినహాయింపుల జాబితాలో చేర్చుతుంది. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ తెరిచి చూస్తే ఆ ఫోల్డర్ పేరు నిక్షేపంగా ఉంది. డిఫెండర్ అబద్ధమేమీ చెప్పలేదు, చూడవద్దన్న గదిలోకి అది తొంగి చూడలేదు అంతే. మినహాయింపు తీసేసి, డెఫినిషన్లు అప్‌డేట్ చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. విండోస్ పూర్తిగా లేవకముందే నడిచే ఈ స్కాన్‌కు పావుగంట పడుతుంది. అది రెండు ఫైళ్లను పట్టుకుంది. నిన్న అదే డిఫెండర్, అదే డిస్కు, ఫలితం సున్నా. స్కాన్ ఫలితాన్ని నమ్మేముందు మినహాయింపుల జాబితా చూడటం నా పద్ధతిలో ఆ రోజు నుంచే చేరింది.

కుడిమూల హెచ్చరికల సంగతి దీనితో సంబంధం లేనిదని ఆ తర్వాత తేలింది. అవి వైరస్ సందేశాలు కావు, వెబ్‌సైట్ల నోటిఫికేషన్లు. “మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి” అనే పేజీలలో ఎవరెవరో కస్టమర్లు నొక్కిన ఫలితం. సైట్ సెట్టింగులలో నోటిఫికేషన్ల కింద పదకొండు చిరునామాలు పోగయ్యాయి. వాటిని తీసేసి, కొత్త సైట్లు అసలు అడగకుండా ఆపేశాను. రెండు నిమిషాల పని. కానీ ఈ రెండు రోగాలను ఒకటిగా చూసి ఉంటే, నోటిఫికేషన్లు ఆగగానే హైజాకర్ కూడా పోయిందని నేను పొరబడి ఉండేవాణ్ణి.

ఎక్కడి నుంచి వచ్చింది

డీటీపీ పని తెలిసినవారికి ఈ ఇబ్బంది తెలుసు. యూనికోడ్ రాకముందటి ఫాంట్లలో టైపు చేసిన తెలుగు మ్యాటరును వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు గుర్తుల గందరగోళంగా కనబడుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కోసం మూడు వారాల కిందట ఆపరేటర్ కుర్రాడు వెతికి, సెర్చ్ ఫలితాలలో పైన ఉన్న ప్రకటన లింకు నొక్కి ఒక జిప్ ఫైల్ దింపుకున్నాడు. జిప్‌కు పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ ఫైల్ పేరులోనే ఉంది. లోపలి టెక్స్ట్ ఫైల్‌లో యాంటీవైరస్‌ను కాసేపు ఆపి ఇన్‌స్టాల్ చేయమని రాసి ఉంది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌ను స్కానర్ తెరవలేదు, అందుకే ఆ పాస్‌వర్డ్. కన్వర్టర్ నిజంగానే పని చేసింది కూడా, కాబట్టి అనుమానం రాలేదు. కుర్రాడి తప్పు పెద్దదేమీ కాదని నేను యజమానితో గట్టిగా చెప్పాను. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే ఎవరైనా అలాగే నొక్కుతారు. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న లాగిన్‌లో అతణ్ణి కూర్చోబెట్టడమే అసలు లోపం, ఆ సిస్టమ్‌ను మొదట సెటప్ చేసింది నేనే.

ఆ కన్వర్టర్ తనతో పాటు ఒక మామూలు ఎక్స్‌టెన్షన్‌ను కూడా వేయమని అడిగి వేయించుకుంది. ఇది పాలసీతో వచ్చింది కాదు, చేత్తో వేసుకున్నది. ఆ సిస్టమ్‌లోని క్రోమ్‌లో యజమాని సొంత గూగుల్ అకౌంట్ లాగిన్ అయి ఉంది, ఒకే అకౌంట్ ఉన్న పరికరాలన్నిటిలో బ్రౌజర్‌ను ఒకేలా ఉంచే సింక్ ఆన్‌లో ఉంది. అందువల్ల అది ఇంట్లో ఉన్న ఆయన ల్యాప్‌టాప్‌లోకి కూడా చేరిపోయింది. సింక్ ఆపకుండా ఒకచోట శుభ్రం చేస్తే రెండోచోటు నుంచి తిరిగి రావచ్చు. కాబట్టి రెండుచోట్లా సింక్ ఆపి, రెండుచోట్లా ఎక్స్‌టెన్షన్ తొలగించి, గూగుల్ అకౌంట్‌లో దాచిన సింక్ డేటాను తుడిచేశాక గాని సింక్ తిరిగి ఆన్ చేయలేదు.

పాస్‌వర్డ్‌ల లెక్క

ఈ భాగంలో యజమానికీ నాకూ వాదన జరిగింది. డబ్బు పోలేదు కదా, ఇక ఎందుకు అని ఆయన అన్నాడు. ఆ ఎక్స్‌టెన్షన్‌కు ఉన్న అనుమతి ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం’. ఆ తెర మీద జనం ఆధార్ నంబర్లు, కౌన్సెలింగ్ పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లాగిన్లు టైపు చేస్తారు. విండోస్‌లో కుకీల, అంటే లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న సమాచారపు ముక్కల, దొంగతనాన్ని కష్టతరం చేయడానికి గూగుల్ 2024 జులైలో 127వ వెర్షన్‌తో కొత్త ఎన్‌క్రిప్షన్ తెచ్చిన మాట నిజమే. అది బయటి ప్రోగ్రాములు కుకీల ఫైలును చదవకుండా ఆపడానికి. బ్రౌజర్ లోపలే కూర్చుని పేజీని చూసే ఎక్స్‌టెన్షన్‌కు అది అడ్డు కాదు. ఓటీపీ ఉంది కదా అనే ధీమా కూడా ఇక్కడ చెల్లదు. లాగిన్ అయిపోయాక సైటు గుర్తుపెట్టుకునేది సెషన్‌నే. అది చేతికి చిక్కితే మళ్లీ ఓటీపీ అడగని సైట్లు చాలా ఉన్నాయి.

చివరకు ఆయన ఒప్పుకున్నాడు. ఆ కంప్యూటర్ నుంచి కాకుండా ఆయన ఫోన్ నుంచి జీమెయిల్, బ్యాంకు, సేవల పోర్టళ్ల పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించాం. క్రోమ్‌లో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డ్‌లలో సగానికి పైగా కస్టమర్లవి, ఎవరివో ఆయనకే గుర్తులేనివి. వాటిని తొలగించి సేవ్ చేసే సదుపాయాన్నే ఆపేశాను. ఆ మూడు వారాలలో అక్కడ బ్యాంకు లాగిన్ చేసినవారిలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చుకోమని, డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమని చెప్పించాను. పరువు పోతుందని ఆయన భయపడ్డాడు గాని, ఫోన్ అందుకున్నవారిలో ఒక్కరూ కోప్పడలేదు.

ఫార్మాట్ చేయాలా, వద్దా

అప్పటికి సిస్టమ్ బాగానే నడుస్తోంది. అయినా నేను విండోస్ కొత్తగా వేయాలనే పట్టుబట్టాను. మామూలు బ్రౌజర్ హైజాకర్ అయితే ఇంత అవసరం లేదు, శుభ్రం చేసి వదిలేస్తాను. ఇక్కడ స్క్రిప్టు అడ్మినిస్ట్రేటర్ హక్కులతో మూడు వారాలు నడిచింది, ఆ కాలంలో బయటి నుంచి ఏమేం తెచ్చుకుందో చెప్పే చిట్టా లేదు. ఆటోరన్స్‌లో కనబడనిది లేదని నేను హామీ ఇవ్వలేను. పేజ్‌మేకర్, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు తిరిగి వేయడానికి ఒక పూట పోతుంది కనుక ఆదివారం దాకా ఆగి ఆ పని పెట్టుకున్నాం. అప్పటిదాకా ఆ సిస్టమ్‌ను నెట్ తీసేసి టైపింగ్‌కు, ప్రింట్లకు మాత్రమే వాడమన్నాను.

ఫార్మాట్ చేసింది సీ డ్రైవ్‌ను మాత్రమే. డీ డ్రైవ్‌లో పదేళ్ల పెళ్లి కార్డులున్నాయి. ఫాంట్లు వేయడానికి డీ డ్రైవ్‌లోని ‘సాఫ్ట్‌వేర్స్’ ఫోల్డర్ తెరిస్తే, మిగతా సెటప్‌ల పక్కనే ఆ కన్వర్టర్ జిప్ కూడా భద్రంగా ఉంది. కౌంటర్ కింద వేలాడే పెన్‌డ్రైవ్‌లో దాని కాపీ మరొకటి ఉంది. కుర్రాడు దాన్ని మూడో నంబరు సిస్టమ్‌లో వేయడానికి సిద్ధంగా పెట్టుకున్నానని చెప్పాడు. రెండింటినీ తుడిచేసి, మిగతా సిస్టమ్‌లలో పాలసీ పేజీ, టాస్క్ షెడ్యూలర్, డిఫెండర్ మినహాయింపులు మూడూ చూశాను, అవి ఖాళీగా ఉన్నాయి. నాలుగు సిస్టమ్‌లలోనూ ఆపరేటర్‌కు మామూలు లాగిన్ ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ యజమాని దగ్గర పెట్టాను. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద పాలసీలు రాయడానికి ఆ హక్కు తప్పనిసరి కాబట్టి, ఇలాంటి సెటప్ మరోసారి నడిచినా పాస్‌వర్డ్ అడగక తప్పదు.

పది రోజుల తర్వాత వెళ్లి చూస్తే రెండో నంబరు సిస్టమ్‌లో పాలసీ పేజీ ఖాళీగానే ఉంది, మెనూ అడుగున ఆ వరుస లేదు. కొత్త ఇబ్బంది మాత్రం ఒకటి వచ్చింది. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ యజమాని ఊళ్లో లేకపోతే కుర్రాడు నాకు ఫోన్ చేస్తున్నాడు. పాస్‌వర్డ్ నేను చెప్పడం లేదు, సాయంత్రం దాకా ఆగమంటున్నాను.